ఆరో కుర్చీ

పంచాయతీలో హరిజన మెంబరు ఒకడు ఉండి తీరాలని సర్కారు రూలు పెట్టింది గానీ, ఆ మెంబరు ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు. అందుకని కుళ్ళాయప్ప బడి వరండా చివర, మెట్టు మీద కూర్చునేవాడు. పైన ఐదు కుర్చీలు. ఒకదాంట్లో ప్రెసిడెంటు హనుమంతరాయుడు, మిగతా వాటిల్లో నలుగురు మెంబర్లు. గుమాస్తా గోవిందప్పకు ట్రంకుపెట్టె. చెయ్యెత్తే వేళకు కుళ్ళాయప్ప కూడా మెంబరే, కాకపోతే ఆ చెయ్యి వాళ్ళ మోకాళ్ళ ఎత్తుకు లేచేది.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. వానలు మాత్రం రాలేదు. పెన్న ఒడ్డున ఉన్న ఊరే, అయినా ఏట్లో ఇసుక తప్ప ఏముంది? ఊళ్ళో బావులన్నీ అడుగంటి, రాయుడి కపిలె బావి ఒక్కటే కాస్త బతికి ఉంది. ఆ కపిలెకు తోలు బాన కుట్టేది కుళ్ళాయప్పే. రెండు ఎద్దులు మోకు లాగితే బాన నిండుగా పైకొచ్చి తొట్టిలో నీళ్ళు కుమ్మరిస్తుంది. ఆ నీళ్ళు కుట్టినవాడి ఇంటికి రావాలంటే మాత్రం, అతని పెండ్లాం కడవ పట్టుకుని దూరంగా నిలబడాలి. ఎవరో ఒకరు చెంబుతో ముంచి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. పోసేవాళ్ళకు తీరిక లేకపోతే నిలబడే ఉండాలి.

ఆ సోమవారం మీటింగులో గోవిందప్ప గొంతు సవరించుకున్నాడు. "శనివారం పామిడి నుంచి సమితి ఆఫీసరు వస్తాండాడు. మంచినీళ్ళ బాయి యాడ తవ్వల్లో ఆయప్ప ముందరే తేల్చల్లంట."

"తేల్చేదేముండాది? మా చింతతోపు కాడ తవ్వితే సరిపోతాది" అన్నాడు హనుమంతరాయుడు.

కుళ్ళాయప్ప తలెత్తి చూశాడు. ఆ బావి మంజూరైందే హరిజనవాడకు. చింతతోపేమో రాయుడి చెనిక్కాయ చేనికి ఆనుకుని ఉంది. అక్కడ తవ్వితే అదీ రాయుడి బావే అవుతుంది, తన వాడ ఆడవాళ్ళు రెండు బావుల దగ్గర నిలబడాల్సి వస్తుంది.

"సామీ, ఆ బాయి మా వాడకని గదా వచ్చినాది" అన్నాడు మెట్టు మీదనుంచి.

ఎవరూ తల తిప్పలేదు. మెంబరు ఆదెన్న పశువుల మేత సంగతి ఎత్తుకున్నాడు. కుళ్ళాయప్ప మళ్ళీ అన్నాడు. ఆదెన్న గొంతు పెద్దది. ఇట్లా కాదని కుళ్ళాయప్ప లేచి నిలబడ్డాడు. అప్పుడు చూశాడు రాయుడు.

"ఏమప్పా, లేసినావు? పోతాండావా?"

"పోల్యా సామీ. ఒక మాట చెప్పల్లని. కింద కూచుంటే మీకు ఇనపడల్యా. నాకూ ఒక కుర్చీ ఏపిస్తే..."

గోవిందప్ప నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. "సర్కారిచ్చింది ఐదేనప్పా. నేనెక్కడ్నుంచి తెచ్చేది?"

హనుమంతరాయుడు పెద్దగా నవ్వాడు. చెడ్డవాడి నవ్వేం కాదది. కడుపు నిండినవాడి నవ్వు. "తెచ్చుకోప్పా! నీ కుర్చీ నువ్వు తెచ్చుకుంటే ఎవరన్నా వద్దంటారా? ఏం ఆదెన్నా?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఎదురుగా అంతమంది నవ్వుతుంటే కుళ్ళాయప్ప కూడా నవ్వాడు. తాను కూడా నవ్వినందుకే ఇల్లు చేరేదాకా ఒళ్ళు మండింది.

ఇంటి ముందర నల్లమ్మ కడవ దించుతూ ఉంది. కడవలో నీళ్ళు సగానికే ఉన్నాయి. "పొద్దున్నుంచి నిలబడితే ఇన్ని పోసినారు. ఎద్దులు అలిసిపొయినాయంట. నా కాళ్ళు అలిసినాయని యెవురికీ తెలీలా" అంది.

కుళ్ళాయప్ప జరిగింది చెప్పి, "కుర్చీ ఒకటి సంపాయిస్తా" అన్నాడు.

నల్లమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. "కుర్చీలో కూచుంటే నీళ్ళొస్తాయా?"

"కింద కూచుంటే రాలా గదా" అన్నాడు అతను.

*

పామిడిలో బసప్పకు పాత సామాన్ల అంగడి ఉంది. గుంతకల్లులో రైల్వే దొరలు బంగళాలు ఖాళీ చేసి పోయినప్పుడల్లా వాళ్ళు వదిలిన సామాను బండ్లకెత్తి తెచ్చేవాడు. అద్దం పగిలిన బీరువాలు, ఇనప మంచాలు, ఏనాడూ నూనె చూడని పెద్ద పెద్ద దీపాలు. కొనేవాళ్ళు తక్కువ, తిరగేసి చూసి పెట్టేవాళ్ళు ఎక్కువ. కరువులో అదీ తగ్గింది.

కుళ్ళాయప్ప అంగడి వెనక కుప్పలో వెతికాడు. అడుగున ఒక చేతుల కుర్చీ బోర్లా పడి ఉంది. రైలు పెట్టెలకు వేసే ఆకుపచ్చ రంగు దాని మీద పొరలు పొరలుగా పెచ్చులూడుతూ ఉంది. ఒక కాలు వదులు. కూర్చునే చోట ఒకప్పుడు బెత్తం అల్లిక ఉండేది కాబోలు, ఇప్పుడు ఖాళీ చట్రం మిగిలింది.

"ఓరి నీ! దాన్ని తీసినావేందప్పా?" అన్నాడు బసప్ప. "కూచునే చోట బొక్క ఉండాది. ఎవరన్నా ముసిలోళ్ళు మంచంలోంచి లేయలేకుంటే, దొడ్డికి కూచుండేకి కొంటాంటారు అట్లాటివి."

"నేను మీటింగులో కూచుండేకన్నా."

బసప్ప నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగాడు. "కర్ర మంచిదే. టేకు. రంగు కింద ఎట్లుండాదో దేవునికెరుక."

"దుడ్లు లేవన్నా నాకాడ. జత చెప్పులు కుట్టి ఇస్తా."

బసప్ప కాలు ముందుకు చాపాడు. కుళ్ళాయప్ప చీపురు పుల్ల తీసి మడమ నుంచి బొటనవేలికి కొలత పట్టి, గోటితో తుంచుకుని తలపాగలో దోపుకున్నాడు. బేరం అంతటితో అయింది. కుర్చీని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఏట్లోకి దిగాడు. ఎండకు ఇసుక కాళ్ళను కాల్చేస్తోంది. ఎదురొచ్చిన బండివాడొకడు, "ఏమప్పోయ్, నెత్తిన కొమ్ములు మొలిచినాయే! నాలుగుండాయి!" అని కేకేశాడు. కుళ్ళాయప్ప నడుస్తూనే ఉన్నాడు. నాలుగు కాళ్ళు తలమీద ఆకాశానికి లేచి ఉంటే నీడ ఇసుకలో వింతగానే కనిపించింది మరి.

*

కర్రపని అతని పని కాదు. అతని చేతులు తోలుకు అలవాటు పడ్డవి. అయినా గీకడం, నున్న చేయడం ఏ పనిలోనైనా ఒకటే కదా. పగిలిన సీసా పెంకు తీసుకుని వేపచెట్టు కింద కూర్చుని, రంగు మీద పెంకు అంచు ఆనించి తనవైపు లాక్కోవడం మొదలుపెట్టాడు. గట్టిగా నొక్కితే కర్ర గీరుకుంటుంది, మెత్తగా లాగితే రంగు ఊడదు. తోలు మీద కండ గీకేటప్పుడు కూడా అంతే. కాసేపటికి చెయ్యే ఆ నడుమ దారి పట్టుకుంది. పచ్చరంగు చుట్టలు చుట్టలుగా లేచింది. దాని కింద నల్లరంగు, దాని కింద ఇంకేదో జిడ్డు. అదీ పోయాక కర్ర కనిపించింది, కొత్తబెల్లం రంగులో.

"అబ్బ" అన్నాడు తనలో తానే.

వదులైన కాలు బిగించడానికి సరేసు కావాలి. తోలు తునకలు ముంతలో వేసి ఉడకబెడితే వచ్చే జిగురది. దాని వాసనకు నల్లమ్మ ముక్కు మూసుకుని బయటికొచ్చింది.

"కూచునే చోట తోలు అల్లొద్దంటివి. ఇప్పుడు తోలే వొండుతాండావే?"

"ఇది లోపల ఉంటాది. కనపడదు."

తోలు అల్లొద్దన్నది అతనే. ఇంటి వెనక దండెం మీద మంచి తోలు ఉంది, తంగేడు చెక్కలో ఊరబెట్టి, ఆరబెట్టి, మెత్తగా పదును చేసింది. ఆ తోలు రాయుడి ఎర్రెద్దుది. ఎండాకాలంలో మేత లేక కూలిపోతే, రాయుడు దాని నొసట పసుపు కుంకుమ పెట్టి, కొమ్ములు పట్టుకుని పసిబిడ్డలా ఏడ్చి, ఆ తర్వాతే కుళ్ళాయప్పను పిలిపించాడు. తోలుతో అల్లితే కుర్చీ ఇరవై ఏండ్లుంటుంది. కానీ మీటింగులోకి తోలు తెచ్చాడని ఒక్కరు ముక్కు చిట్లించినా వచ్చిన పని చెడుతుంది. అందుకని నార అల్లకానికే నిశ్చయించుకున్నాడు. చేనిగట్ల మీది కిత్తనార తెచ్చి, బండమీద బాది, కడిగి, నల్లమ్మ తొడమీద వేసుకుని పురి తిప్పింది. పురి తిప్పడంలో ఆమెకు వాడలో సాటి లేరు. తెల్లగా, సన్నగా, ఎక్కడా ముడి కనిపించకుండా తాళ్ళు వచ్చాయి.

కుళ్ళాయప్ప తడి ఇసుక వేసి తోలు ముక్కతో కర్రంతా రుద్దాడు. ఆరాక ఆముదంలో మైనం కరిగించి పట్టించాడు. గుడ్డతో తుడిచాడు, మళ్ళీ పట్టించాడు. చేతుల మీద, వీపు మీద, కాళ్ళ లోపలివైపు ఎవరూ చూడని చోట కూడా రుద్దాడు. మరునాటికి కుర్చీ నిగనిగలాడింది. వాడలో ముసలివాళ్ళు వచ్చి ముట్టుకుని చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ ముట్టుకున్నారు.

నల్లమ్మకు మాత్రం సంతోషం కలగలేదు. "యాలయ్యా ఇంత నున్నగ చేస్తాండావు? కాలు బిగించి, నార అల్లి, అట్లే ఎత్తుకపోయింటే ఎవురూ కన్నేసేవాళ్ళు కాదు" అంది.

"చేతులు ఊరుకోలేదే" అన్నాడు కుళ్ళాయప్ప. నిజమే. పని సగంలో ఆపమంటే చేతులు వింటాయా? కానీ ఆమె మాట అతని మనసులో ముల్లులా దిగింది.

*

శుక్రవారం పొద్దున్నే కుర్చీ తీసుకుని బడికి పోయాడు. ముందే ఒకచోట పెట్టుకుంటే రేపు ఆఫీసరు ముందర పేచీ ఉండదని అతని ఆలోచన. ఐదు కుర్చీల వరసలో చివర, కాస్త ఎడం వదిలి పెట్టాడు. కూర్చోలేదు. రేపు కూర్చుందామనుకున్నాడు. చేత్తో ఒకసారి అల్లిక మీద తట్టాడు, అంతే.

అంతలో రాయుడూ గోవిందప్పా వచ్చారు. రాయుడు వరండా ఎక్కి, చివరి కుర్చీని చూసి నిలబడిపోయాడు.

"ఇదెక్కడిదప్పా?"

"తెచ్చుకోమంటిరి గదా సామీ. తెచ్చుకుంటి."

"నువ్వు చేసినావా!" రాయుడు చుట్టూ తిరిగి చూశాడు. చెయ్యి రాశాడు. కుర్చీని ముందుకు లాగి కూర్చున్నాడు. చేతుల మీద చేతులు పెట్టి, వీపు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! గోవిందప్పా, సర్కారోళ్ళ కుర్చీలు దీని ముందర ఏం పనికొస్తాయప్పా? రేపు ఆఫీసరుకు ఇదే ఎయ్యి."

కుళ్ళాయప్ప ఒకడుగు ముందుకొచ్చాడు. "సామీ, అది నాకని..."

"నీదేలేప్పా, ఎవురు కాదన్నారు? నువ్వే చేసినావని ఆఫీసరుకు నీ పేరు చెప్తాం. ఆయన కూచునిపోయినాక ఆడే ఉంటాది. పంచాయతీది అయినా నీది అయినట్లే గదా."

"పేరు చెప్తారంట, ఇంకేం కావల్ల!" అన్నాడు గోవిందప్ప.

మెచ్చుకునే నోటితోనే లాక్కున్నాడు. పెద్దమనుషులకు అదొక విద్య. తిట్టి లాక్కుంటే తిరిగి ఒక మాటైనా అనొచ్చు, పొగిడి లాక్కుంటే ఏమనగలడు? కుళ్ళాయప్ప మెట్టు దిగి నిలబడ్డాడు. మెట్టు అతనికి బాగా తెలిసిన చోటే. మళ్ళీ దాని మీదికే వచ్చినట్టయింది.

రాయుడిది భారీ ఒళ్ళు. పొగాకు నములుతూ ఒకసారి వెనక్కి వాలి, ఒకసారి ముందుకు వంగాడు. టప్‌మని చప్పుడైంది. మరోసారి టప్. నల్లమ్మ పురి తిప్పిన తాళ్ళు రెండు తెగి, రాయుడు ఒకవైపుకు దిగబడ్డాడు. గోవిందప్ప పరుగున వచ్చి చెయ్యిచ్చాడు.

"ఏమప్పా నార ఇది! రేపు ఆఫీసరు కింద తెగితే ఊరి మర్యాదేం కావల్ల?" అన్నాడు రాయుడు పంచె దులుపుకుంటూ. "ఎత్తుకపో. పొద్దునకల్లా గట్టిగా అల్లి తీసుకరా."

"గట్టిగానా సామీ?"

"గట్టిగా. నీ బాన ఉన్నట్లు గట్టిగా ఉండల్ల."

కుళ్ళాయప్ప కుర్చీ నెత్తికెత్తుకున్నాడు.

*

నల్లమ్మ జరిగింది విని ఏడవలేదు, తిట్టలేదు. అటకమీంచి మిగిలిన నార తీసి అతని ముందర పడేసింది. "నేను చెప్పలా?" అని కూడా అనలేదు. అది అననందుకు కుళ్ళాయప్పకు ఇంకా బాధ కలిగింది.

తెగిన తాళ్ళన్నీ కోసి తీసి, ఖాళీ చట్రం ముందర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎండ దండెం మీద ఎర్రెద్దు తోలుపై పడుతోంది. లేచి దాన్ని దించి తెచ్చి, నేలమీద పరిచాడు.

"నార ఉండాది గదా?" అంది నల్లమ్మ.

"రేపు శనివారం."

నల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శనివారమంటే ఏమిటో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆరోజు రాయుడు ఆంజనేయస్వామికి ఒక్కపొద్దు ఉంటాడు. తానం చేసిన కాడినుంచి, పొద్దు వాలి అన్నం తినేదాకా తోలు ముట్టడు. చెప్పులు గోడవారన ఉంటాయి, ఎంత ఎండైనా ఉత్తకాళ్ళే. కపిలె బాన కారుతున్నా ఆవైపు రాడు, పక్కనుంచి కేకేసి చెప్తాడు. చెప్పులు కుట్టినవాడికి, బాన కుట్టినవాడికి ఇది తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"ఆఫీసరు కూచుంటే?"

"ఆఫీసరును తోలు మీద కూచోబెట్టేకి రాయుడికి మనసొస్తాదా? తను ముట్టనిది ఆయప్పకు ఏస్తాడా?"

"నీ కోసం చేసేది కాదిది. వాళ్ళు ముట్టకుండా చేసేది" అంది నల్లమ్మ.

"వాళ్ళు ముట్టకపోతే గదా నాకు మిగిలేది."

ఆ మాట అని కుళ్ళాయప్ప తోలు అంచు చేత్తో సరిచేశాడు. ఇన్నాళ్ళూ ఏ తోలు వాసన తన ఒంటిమీద ఉందని దూరంగా నిలబెట్టారో, ఆ తోలే అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. సిగ్గనిపించింది. కోపం కూడా వచ్చింది. రెండిట్లో ఏది ఎక్కువో అతనికే తెలియలేదు.

నల్లమ్మ ఊరుకోలేకపోయింది. "ఆ బాన యాడిది? తోలుదే గదా? ఆ తోల్లోంచి వచ్చే నీళ్ళతోనే గదా ఆయప్ప తానం చేసేది? తోల్లో ఊరిన నీళ్ళు మడికి పనికొస్తాయి, నా చెయ్యి తగిలితే పనికిరావు!" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "నీళ్ళు ఆపేస్తారేమో అనుకున్నావా?"

"అనుకుంటి" అన్నాడు కుళ్ళాయప్ప. "చెయ్యొద్దంటే చెయ్యను. నిలబడేదానివి నువ్వు."

నల్లమ్మ లేచింది. పోయి పెద్దమట్టి బేసినులో కడవలోని నీళ్ళు, ఉన్న ఆ సగమూ, వంచి పోసి తెచ్చి తోలు పక్కన పెట్టింది. తోలు నానాలంటే నీళ్ళు కావాలి మరి.

కుళ్ళాయప్ప తోలు కోసే రంపి పట్టి తోలు అంచునుంచి గుండ్రంగా కోసుకుంటూ వచ్చాడు. వేలెడు వెడల్పున ఎక్కడా తెగకుండా ఒకటే తోలు వారు పొడుగ్గా సాగింది. దాన్ని నానబెట్టి, తడిగా ఉండగానే చట్రానికి చుట్టి, అడ్డం నిలువు అల్లాడు. ప్రతి వరసకూ తోలు కుట్టే ఆరె మొనతో బిగించాడు. తడి తోలు ఆరే కొద్దీ బిర్రుగా లాక్కుంటుంది, ఆ తర్వాత ఏనుగు కూర్చున్నా దిగదు. మధ్యలో ఒకచోట తోలుమీద చిన్న మచ్చ కనిపించింది. ఎర్రెద్దుకు కాడి రాసి పుండై మానిన చోటు. దాన్ని ఎట్లా తిప్పినా మధ్యలోకే వచ్చింది. సరే ఉండనీలే అని అల్లేశాడు.

*

శనివారం కుళ్ళాయప్ప కుర్చీ తెచ్చేసరికి అందరూ వచ్చి ఉన్నారు. కుర్చీని తన చోట, వరస చివర పెట్టాడు.

"ఆడ కాదప్పా, నడుమ పెట్టు" అంటూ గోవిందప్ప వచ్చి చేతులు వేసి లాగబోయాడు. వేళ్ళు అల్లికకు తగలగానే వెనక్కి తీసుకున్నాడు. "ఏందిది?"

"తోలు సామీ. గట్టిగా అల్లమన్నారు గదా. బాన ఉన్నట్లు."

హనుమంతరాయుడు నొసట నామం పెట్టుకుని ఉత్తకాళ్ళతో నిలబడి ఉన్నాడు. కుర్చీ దగ్గరికి రెండడుగులు వేసి, అక్కడే ఆగిపోయాడు. ముందు అతని ముఖంలోకి కోపం రాలేదు. మధ్యలో ఉన్న మచ్చను చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏ తోలప్పా ఇది?" అని అడిగాడు.

"మీ ఎర్రెద్దుదే సామీ."

రాయుడు కుర్చీ మీంచి కళ్ళు తిప్పి కుళ్ళాయప్పను చూశాడు. ఏదో అనబోయాడు. అంతలో బడి ముందర జీపు ఆగింది.

ఆఫీసరు కోస్తావైపు మనిషి. దుమ్ము కొట్టుకుపోయిన ముఖం రుమాలుతో తుడుచుకుంటూ గబగబా మెట్లెక్కాడు. రాయుడు తన కుర్చీ ఆయనకు చూపించాడు. ఆయన కూర్చున్నాడు. మెంబర్లు నలుగురూ ఎవరి కుర్చీల్లో వాళ్ళు కూర్చున్నారు. గోవిందప్ప పెట్టెమీద కూర్చున్నాడు. మిగిలింది ఒక్క కుర్చీ. నిలబడ్డవాళ్ళు ఇద్దరు.

"కూర్చోండి ప్రెసిడెంటు గారూ, ఆ కుర్చీ ఖాళీగానే ఉందిగా. భలే కుర్చీ!" అన్నాడు ఆఫీసరు.

"వద్దులే సార్. నడుము పట్టేసినాది. నిలబడితేనే హాయిగా ఉండాది" అన్నాడు రాయుడు.

ఆదెన్న సగం లేచి, "ఇందులో కూచోన్నా" అన్నాడు. కానీ రాయుడు అప్పుడే నడుము మాట అనేశాడు. నడుము నొప్పికి ఆ కుర్చీ అయితే పనికిరాదు, ఈ కుర్చీ అయితే పనికొస్తుంది అని ఎట్లా చెప్తాడు? "కూచోప్పా నువ్వు" అని విసుక్కుని, స్తంభానికి చెయ్యి ఆనించాడు.

ఆఫీసరు కుళ్ళాయప్ప వైపు తిరిగాడు. "నువ్వెవరయ్యా?"

"మెంబరు సార్."

"మెంబరువా? మరి నిలబడ్డావేం? కూర్చో."

కుళ్ళాయప్ప నడిచాడు. ఆ నాలుగడుగులు ఏటి ఇసుకలో నడిచినంత బరువయ్యాయి. కూర్చున్నాడు. తోలు కిర్రుమని, ఒక్క వెంట్రుకవాసి కూడా దిగకుండా నిలిచింది. వీపు ఆనించడం చేతకాక ముందుకే వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. అందరి ముఖాలూ తన ముఖం ఎత్తుకు రావడం అతనికి కొత్త. ఆదెన్న చెవిలో వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి.

బావి మాట వచ్చింది. చింతతోపు అని గోవిందప్ప చదివాడు. కుళ్ళాయప్ప కుర్చీ చేతులు రెండూ పట్టుకున్నాడు. మాట ఎత్తుకున్నాడు.

"ఆ బాయి మా వాడకని వచ్చినాది సార్. చింతతోపు కాడ తవ్వితే మాకు రాదు. మేము నీళ్ళు చేదుకునేది లేదు సార్ ఈ ఊర్లో. ఎవరన్నా పోస్తే పట్టుకునేదే. పోసేవాళ్ళు లేకుంటే మా ఆడోళ్ళు కడవలు పట్టుకుని నిలబడతారు. పొద్దుమునిగేదాకా నిలబడతారు."

మెల్లగానే చెప్పాడు. అయినా చివరి కుర్చీ నుంచి మొదటి కుర్చీదాకా వినిపించింది.

"ఆ వాడంతా బండ సార్. నీళ్ళు పడవు" అన్నాడు రాయుడు స్తంభం దగ్గర నుంచి.

ఆఫీసరు కూర్చున్నవాళ్ళ వైపే చూస్తున్నాడు. నిలబడినవాడి మాట వినబడక, "ఆఁ? ఏమన్నారూ? వెళ్ళాలా మీరు?" అన్నాడు తల వెనక్కి తిప్పి.

కుళ్ళాయప్ప తల దించుకున్నాడు. నవ్వు రాలేదు. సోమవారం తాను లేచి నిలబడితే తన చెవిలో పడిన మాట అది.

ఆఫీసరు అక్కడే తేల్చలేదు. ఓవర్సీరును పంపిస్తాననీ, వాడలో బండ ఉందో లేదో తవ్వించి చూశాకే చింతతోపు మాట అనీ చెప్పి లేచాడు. బావి రాలేదు, పోనూ లేదు. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

రాయుడు మెట్లు దిగుతూ కుళ్ళాయప్ప దగ్గర ఆగాడు. అరవలేదు. "కుర్చీ గట్టిగా అల్లినావప్పా" అన్నాడు. "ఏడ్చి ఇచ్చినా నీకు ఆ ఎద్దును. గుర్తు పెట్టుకుంటా. ఇంక మా బాయికాడికి మీ వాడోళ్ళు రావద్దని చెప్పు. బాన పనికి వేరే ఊర్నుంచి మనిషిని పిలిపించుకుంటాం."

*

నల్లమ్మ పొద్దు వాలే వేళకు ఖాళీ కడవతో తిరిగొచ్చింది. కుళ్ళాయప్ప ఇంటి ముందర నేలమీద కూర్చున్నాడు. కుర్చీ పక్కనే ఉంది.

"పోయల్యా?" అన్నాడు.

"దగ్గిరికే రానీలా. వాడోళ్ళందరూ అట్లే తిరిగొచ్చినారు. పక్కింటి మారెమ్మ నిన్ను తిడతాంది."

"తిట్టనీ. నువ్వన్నదే నిజమాయ. కుర్చీలో కూచుంటే నీళ్ళు రాల్యా. ఉండేవి పోయినాయి." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

నల్లమ్మ కడవ దించి, కుర్చీ దగ్గరికి వచ్చింది. దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. చీర సర్దుకుని అందులో కూర్చుంది. అల్లిక మీద అరచేత్తో నొక్కి చూసింది.

"రాయుడు నిలబడినాడంట గదా?"

"ఊఁ."

"మీటింగు అయ్యేదాకానా?"

"అయ్యేదాకా."

"ఎట్ల నిలబడినాడు?"

కుళ్ళాయప్పకు అర్థం కాలేదు. "స్తంభం పట్టుకుని నిలబడినాడు. ఒకతూరి ఈ కాలు, ఒకతూరి ఆ కాలు మార్చుకుంటా."

"అట్లే" అంది నల్లమ్మ. "అట్లే నిలబడతాం మేము. ఈ కాలు, ఆ కాలు. పట్టుకునేకి ఆడ స్తంభం కూడా లేదు. నేను కాపరానికొచ్చిన కాడినుంచి ఆ బాయికాడ అట్లే నిలబడినా. ఆయప్ప ఒక్కనాడు నిలబడినాడు, దానికే తట్టుకోలేకపాయ."

ఆమె నవ్వలేదు. వీపు ఆనించి, కాళ్ళు చాపి, ఇంటి ముందర ఎండకు పగిలిన నేలను చూస్తూ కాసేపు కూర్చుంది. కుళ్ళాయప్పను లేచి కూర్చోమనలేదు. అతనికీ అడగాలనిపించలేదు.

చీకటి పడక ముందే ఆమె లేచింది. కడవ చంకన పెట్టుకుంది.

"గుద్దలి ఎత్తుకో. యేట్లో చెలమ తవ్వుదాం. లోతుగా తవ్వితే ఎన్నో కొన్ని నీళ్ళన్నా ఊరతాయి. మారెమ్మోళ్ళనూ పిలుస్తా." గడప దాటి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "కుర్చీ లోపల పెట్టు, మంచు పడితే తోలు సాగుతాది. మళ్ళ మీటింగు ఎప్పుడన్నాడు?"

"వచ్చే నెల."

"సరే పా" అంది నల్లమ్మ.

కుళ్ళాయప్ప కుర్చీ లోపల పెట్టి, గుద్దలి భుజాన వేసుకుని ఆమె వెనక ఏటికి బయల్దేరాడు.